మల్లెపూల వాసన ఏకవచనమే

విల్లివాక్కం, మద్రాసు
ఆదివారం

చిరంజీవి చిట్టికి బాబాయ్ ఆశీస్సులు.

నీ ఇంగ్లీషు కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి పెన్సిలు లేకుండా, రెండోసారి పెన్సిలుతో. రంగనాథన్ వీధి జనంలో చెప్పు తెగి, దాన్ని చేత్తో పట్టుకునే మాంబళం స్టేషన్ దాకా నడిచిన మామ్మ కళ్లకు కట్టింది. కథ నీకు వచ్చు. ఆ విషయం ఇంక మాట్లాడను.

మిగతాది, అంటే ఇంగ్లీషులో కర్తకి తగ్గ క్రియ రాయడం, ఫోన్లోనే చెప్పేద్దామనుకున్నాను. కానీ నేను 'రన్' అన్నానో 'రన్స్' అన్నానో నీకు వినపడి చావదు. మనది అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష, చివర హల్లుని ఒంటరిగా వదిలే అలవాటు మనకి లేదు. బస్ వస్తే బస్సు చేసుకున్నాం, గ్లాస్ వస్తే గ్లాసు చేసుకున్నాం. ఇంగ్లీషు క్రియ చివర ఉండే ఆ 'స్'కి అచ్చు తగిలించడం కుదరదు గనక మింగేస్తాం. నోరు మింగింది చెయ్యీ మింగుతుంది. అందుకే ఉత్తరం.

నీ పదిహేను పేజీల్లో క్రియల కింద ఇరవైమూడు గీతలు పడ్డాయి. గాభరా పడకు. లెక్కేస్తే మూడు నాలుగు తప్పులే వేషాలు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చాయి. పైగా అవి సూత్రం తెలియక వచ్చినవి కావు. కర్త ఏకవచనమైతే క్రియా ఏకవచనమని ఆరో తరగతిలోనే బట్టీపట్టి ఉంటావు. తెలుగు చెవితో ఇంగ్లీషు విన్నావు, అక్కడొచ్చింది చిక్కు.

మూడో పేజీ చూడు. 'ది స్మెల్ ఆఫ్ జాస్మిన్ ఫ్లవర్స్ వర్ ఎవ్రీవేర్' అని రాశావు. 'వర్' ఎందుకొచ్చింది? పక్కనే 'ఫ్లవర్స్' ఉంది గనక. ఇదే మాట తెలుగులో అనుకో: మల్లెపూల వాసన అంతటా ఉంది. 'ఉన్నాయి' అని పొరపాటున కూడా రాయవు. మన భాషలో విశేషణాలూ, షష్ఠీ విభక్తులూ, వాటి తోకలూ అన్నీ ముందే నడిచిపోతాయి. అసలు మాట ఆఖర్న వస్తుంది, ఊరేగింపులో పెళ్లికొడుకు లాగా. పూల బుట్ట, పేర్ల జాబితా, పిల్లల గోల. క్రియ వైపు నిలబడేది ఎప్పుడూ బుట్టే, జాబితాయే, గోలే. ఇంగ్లీషులో ఊరేగింపు తిరగబడుతుంది. పెళ్లికొడుకు ముందు నడుస్తాడు, మేళం వెనక వస్తుంది. క్రియ దగ్గరికొచ్చేసరికి నీ పక్కన ఉండేది మేళం. దాన్ని చూసి దండం పెట్టేశావు.

దీనికి నా దగ్గరో చిట్కా ఉంది. 'ఆఫ్' కనిపించిన చోట ఆ ముక్కని మనసులో తెలుగు చేసుకో. ఏ మాట ఆఖర్న తేలిందో క్రియ దానిది. 'ది లిస్ట్ ఆఫ్ నేమ్స్', పేర్ల జాబితా. జాబితా ఒకటే గనక 'ఈజ్'. పెద్దపెద్దవాళ్లు తడబడే చోట కూడా ఇది పనిచేస్తుంది. 'ది నంబర్ ఆఫ్ పీపుల్' అంటే జనం సంఖ్య. సంఖ్య ఒకటే, 'ఈజ్'. 'ఎ నంబర్ ఆఫ్ పీపుల్' అంటే మాత్రం చాలామంది జనం. అక్కడ సంఖ్య అనే మాటే తేలలేదు, జనమే తేలారు, 'ఆర్'. ఇంగ్లీషులో 'ది'కీ 'ఎ'కీ ఉన్న తేడా తెలుగులోకొచ్చేసరికి రెండు వేరే మాటలైపోయింది చూశావా?

చిట్కా బోల్తాపడే చోటు ఒకటుంది, అదీ చెప్పాలి. 'వన్ ఆఫ్ మై కజిన్ ఆర్ గెటింగ్ మ్యారీడ్' అన్నావు. మా కజిన్స్‌లో ఒకరు పెళ్లి చేసుకుంటున్నారు. ఆఖర్న తేలింది 'ఒకరు' అనే మాటే, కానీ ఆ 'రు' మాయలాడి. మనకి ఒకరు వచ్చారు, ప్రతి ఒక్కరూ వచ్చారు, ఎవరో వచ్చారు. ఒక్కళ్లే అయినా క్రియ బహువచనంలోనే ఉంటుంది. ఇంగ్లీషు వాడికి ఎవ్రీవన్ అన్నా, సమ్‌వన్ అన్నా, వన్ ఆఫ్ అన్నా లోపల ఉన్న 'వన్' కనిపిస్తుంది. 'ఈజ్' తప్ప మరోటి ఒప్పుకోడు. కజిన్ పక్కన ఎగిరిపోయిన 'స్' నేనే పెట్టాను. గుంపులోంచి కదా ఒకర్ని తీస్తున్నాం, గుంపంటూ ఉండాలిగా.

ఈ 'రు' ఒకప్పుడు నా పరువూ తీసింది. మద్రాసుకొచ్చిన కొత్తల్లో, ఉద్యోగంలో చేరి రెండు నెలలు కాలేదు, మా తాతగారు పోయారని టెలిగ్రామొచ్చింది. సెలవుచీటీలో 'మై గ్రాండ్‌ఫాదర్ హావ్ ఎక్స్‌పైర్డ్' అని రాశాను. తాతగారు 'పోయారు' కదా మరి, 'పోయాడు' కాదు కదా! మా పైఅధికారి సెలవిచ్చాడు. ఇస్తూనే ఎర్రసిరాతో 'హావ్' చుట్టూ సున్నా చుట్టాడు. చావు కబురు మీద ఆ ఎర్ర సున్నా ఇప్పటికీ కళ్లలో ఉంది. తరవాతెప్పుడో తెలిసింది, ఇంగ్లీషులోనూ ఈ మర్యాద బహువచనం ఉండేదని. 'దౌ' అంటే నువ్వు, 'యూ' అంటే మీరు. పోనుపోను అందరూ మీరైపోయారు, నువ్వు మాయమైంది. ఒక్క మనిషితో మాట్లాడుతూ కూడా 'యూ ఆర్' అంటున్నామంటే ఆ మర్యాద తాలూకు క్రియే అది. తాతగార్లకి మాత్రం దాన్ని పొడిగించలేదు వాళ్లు.

ఇంక మొదటి రెండు పేజీలు. వాటిని వర్తమానంలో నడిపావు, గీతలు సగానికి పైగా అక్కడే. మిగతా కథ భూతకాలం గనక బతికిపోయావు. 'వెంట్' అంటే ఎవరైనా 'వెంట్', 'వాజ్'కీ 'వర్'కీ తప్ప అక్కడ పేచీ లేదు. మన 'రాలేదు' లాంటిది: నేనూ రాలేదు, వాడూ రాలేదు, ఆవులూ రాలేదు. వర్తమానంలోనే ఆ 'స్' పట్టుకుని వేలాడుతోంది. ఒకప్పుడు ఇంగ్లీషు క్రియకీ మన క్రియలాగే బోలెడు చివరలుండేవి. మీ అమ్మ దగ్గరున్న పాత ఇంగ్లీషు బైబిలు, 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదం, తీసి చూడు. 'హి మేక్స్' అనాల్సిన చోట 'హి మేకెత్' అని కనపడుతుంది. అవన్నీ రాలిపోగా మిగిలిన ముక్క ఇది.

ఆ పేజీల్లో 'మామ్మ హావ్ టూ సన్స్', 'ది హౌస్ హావ్ త్రీ విండోస్' అని ఉన్నాయి. వీటి మూలం ఇంకా లోతుగా ఉంది. మామ్మకి ఇద్దరు కొడుకులున్నారు, ఇంటికి మూడు కిటికీలున్నాయి అంటాం. మన వాక్యంలో మామ్మ కర్త కాదు, 'కి' తగిలించుకుని పక్కన కూర్చుంది. ఉన్నది కొడుకులు, అందుకని 'ఉన్నారు'. ఇంగ్లీషులో కొడుకులు కర్మగా మారి అటు జరిగిపోయారు, మామ్మ వచ్చి పెద్ద కుర్చీలో కూర్చుంది. ఆవిడ ఒక్కతే, 'హాజ్'. నాకు, నీకు, మామ్మకి అని మొదలయ్యే తెలుగు వాక్యం మనసులో మెదిలినప్పుడల్లా ఒక క్షణం ఆగు. కావాలి, తెలుసు, ఇష్టం, ఉంది... ఇవన్నీ ఇంగ్లీషులోకి దాటేటప్పుడు కుర్చీలు మారతాయి. 'షి డజ్ నాట్ నోస్' సంగతి తేలిక: 'డజ్' అప్పటికే 'స్' తినేసింది, 'నో'కి మిగల్లేదు.

మన భాషకి మాత్రం తిక్క లేదా ఏమిటి! అబ్బాయి వచ్చాడు, అమ్మాయి వచ్చింది, ఆవు వచ్చింది. మా పక్కింటి తమిళావిడ దీనికి నలభై ఏళ్లుగా నవ్వుతూనే ఉంది. వాళ్లకి ఆడమనిషైతే 'వందాళ్' అని వేరే ఉంది కదా. బహువచనంలో మా ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి 'వచ్చారు', ఆవులు విడిగా 'వచ్చాయి' అని చెప్పినా ఆవిడకి ఊరట లేదు. ఈ ఊళ్లోనే ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు చెప్పిన వ్యాకరణకర్త చిన్నయసూరి మహత్తు (మగవాళ్లు), మహతి (ఆడవాళ్లు), అమహత్తు (మిగతావన్నీ) అంటూ ఈ బంతులన్నీ తీర్చాడు. వీధి చివర టీ కొట్టు మలయాళీకి ఏ గొడవా లేదు. నేనొచ్చినా, వాడొచ్చినా, ఎవరొచ్చినా 'వన్ను'. అదృష్టవంతుడు. ఇన్ని చివరలు పొరపాటు లేకుండా పలికేదానివి, ఒక్క 'స్' దగ్గర బెదురుతావేం?

ఇంక చిల్లర తప్పులు. పాలు, నీళ్లు, బియ్యం మనకి బహువచనాలు. మిల్క్, వాటర్, రైస్ వాళ్లకి ఏకవచనాలు. (పాలు తోడుపెడితే మనకీ ఏకవచనమైపోతాయి. పాలు విరిగాయి అంటాం, పెరుగు పులిసింది అంటాం. ఎందుకని అడక్కు.) వార్తలు వచ్చాయి గాని 'న్యూస్ ఈజ్'. తిరగేస్తే, కళ్లజోడు విరిగింది గాని 'గ్లాసెస్ ఆర్ బ్రోకెన్'. ఐదో పేజీలో మామ్మ కళ్లజోడు దిద్దాను. డబ్బు దగ్గర జాగ్రత్త: పదివేలు సరిపోతాయి అంటాం, వాళ్లు దాన్ని ఒక్క మొత్తంగా చూసి 'టెన్ థౌజండ్ రుపీస్ ఈజ్ ఇనఫ్' అంటారు. వింతగా ఉందా? ఊరొదిలి పదేళ్లయింది అనేటప్పుడు నువ్వూ ఆ పనే చేస్తున్నావు. పది ఏళ్లు 'అయ్యాయి' అనకుండా ఒక్క ముద్ద చేసి 'అయింది' అన్నావు కదా.

చేపాక్ స్టేడియంలో క్రికెట్ మ్యాచ్ జరిగే పేజీలో 'ఇండియా హావ్ వన్ ది టాస్' అని కామెంటేటర్ చేత అనిపించావు, ఇంకో పేరాలో 'ది టీమ్ ఈజ్' అన్నావు. రెండూ తప్పు కాదు. బ్రిటిష్ వాళ్లు జట్టుని పదకొండుమందిగా చూసి బహువచనం వాడటం మామూలే, అమెరికావాళ్లు ఒక్కటిగా చూస్తారు. కామెంటేటర్ మాట అలాగే ఉంచి, నీ మాట మాత్రం కథంతా ఒక దారిలో నడిపించు. ఏ దారో నేను చెప్పను, నీ ఇష్టం.

అన్నీ దిద్దానని మాత్రం అనుకోకు. ఏడో పేజీలో పాల పాకెట్లు వేసే హిందీ కుర్రాడికి తెలుగూ, తమిళమూ రెండూ రాకపోతే, మామ్మ తలుపు సందులోంచి 'మిల్క్ ఆర్ ఓవర్, కమ్ టుమారో' అంటుంది చూడు. అలవాటుకొద్దీ 'ఆర్' కొట్టేశాను. తరవాత దాని కింద చుక్కలు పెట్టాను. చుక్కలు పెడితే కొట్టేసింది ఉంచెయ్యమని. మీ పిన్ని ఆ వాక్యం చదివి నవ్వీ నవ్వీ కాఫీ ఒలకబోసుకుంది. పేజీ మీద మరక దానిదే, దిద్దుబాటు అనుకోకు.

వచ్చే ఆదివారం ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) నించి తీరిగ్గా బయల్దేరు, కాగితాలు ఇస్తాను. పెసలు నానబోస్తానంది పిన్ని.

మీ బాబాయ్