సీతాఫలానికి పూత నిండుగా ఉంది, పిందె ఏది?

ప్రశ్న: నేను రిటైరైన టీచర్‌ని. మాది మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ దగ్గర పల్లె. చిన్నప్పటి నుంచి చెట్లంటే ప్రాణం. ఇంటి వెనక ఎర్ర చల్కలో నేను పెట్టిన సీతాఫలం చెట్లకు ఎనిమిదేళ్లు. పూత విరగబూస్తుంది కానీ పిందె పట్టడం లేదు. పట్టిన కాయల్లో కొన్ని నల్లబడి, గట్టిపడి కొమ్మకే వేలాడుతున్నాయి. ఇంకో మాట. హైదరాబాద్ నుంచి వచ్చే మనవడు, మనవరాలు ఫోన్ వదలరు. వాళ్లకు ఈ చెట్ల మీద ఇష్టం ఎట్లా కలిగించాలి?

జవాబు: నమస్తే సార్. పిందె పట్టని సమస్యకు, పిల్లల సమస్యకు ఒకే పని చెబుతాను. అది చేతితో పుప్పొడి అద్దడం.

సీతాఫలం పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. కానీ రెండూ ఒకేసారి పక్వానికి రావు. మూడు దళసరి రేకులు కొంచెం విడినప్పుడు లోపలి కీలాగ్రం, అంటే ఆడ భాగం కొన, జిగటగా, పుప్పొడి కోసం సిద్ధంగా ఉంటుంది. రేకులు పూర్తిగా విచ్చుకొని పుప్పొడి రాలే వేళకు ఆ జిగట ఆరిపోతుంది. అందుకే ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు చేరాలి. తేనెటీగలు ఈ పువ్వును పెద్దగా పట్టించుకోవు. చిన్న పెంకు పురుగులే ఆ పని చేయాలి, అవి అన్ని పూలకూ పోవు. పైగా మే నెల వడగాలికి కీలాగ్రం త్వరగా ఎండిపోతుంది. కాబట్టి ఎండాకాలం పూత రాలితే టెన్షన్ పడకండి. మృగశిర దాటి, గాలిలో తేమ వచ్చాక పూసే పూతే మనకు ముఖ్యం.

సాయంత్రం రేకులు బాగా విచ్చుకున్న పూలను తెంపి కాగితం మీద దులపండి. మీగడ రంగు కేసరాలు రాలతాయి. వాటిని చిన్న డబ్బీలో వేసి రాత్రి చల్లని చోట పెట్టండి. తెల్లారి ఎండ ఎక్కక ముందే, సగం విడిన పువ్వు రేకులను మెల్లగా తెరిచి, పిల్లల డ్రాయింగ్ బ్రష్‌తో ఆ పొడిని మధ్యలో చుట్టూ అద్దండి. ఒక పక్కే అంటితే కాయ వంకరగా పెరుగుతుంది. లావు కొమ్మల మీది పూలను ఎంచుకోండి. చెట్టుకు యాభై, అరవై పూలు చాలు. అంతకు మించి అద్దితే చెట్టు మోయలేదు.

మనవడు అద్దిన పువ్వుకు ఒక రంగు దారం, మనవరాలు అద్దిన పువ్వుకు ఇంకో రంగు దారం వదులుగా కట్టించండి. కాయ తయారుకు సుమారు నాలుగు నెలలు పడుతుంది. జూన్ చివర్లో అద్దినవి దసరా, దీపావళి నాటికి కోతకొస్తాయి. ఈలోగా ‘తాతా, నా పిందె ఎంతైంది?’ అని వాళ్లే ఫోన్ చేస్తారు. ఫోన్ మాన్పించే ఉపాయమైతే ఇది కాదు సార్!

నల్లబడిన వాటిని రాతికాయలంటారు. నీటి ఎద్దడి, కాయల మధ్య పోటీ, శిలీంద్రం ఇందుకు కారణాలు. వాటిని చెట్టు మీద వదిలితే తెగులు పక్క కాయలకు పాకుతుంది. అన్నీ తెంపి కాల్చేయండి. ఆకు రాలాక ఎండు కొమ్మలు తీసేసి, తొలకరికి ముందు చెట్టుకు రెండు మూడు తట్టల మాగిన పశువుల ఎరువు వేయండి. పిందె దశలో వానలు మొహం చాటేస్తే తడి ఇవ్వాలి. పాదులో ఎండుటాకులు, పల్లి పొట్టు పరిస్తే చల్క నేల తొందరగా ఆరదు.

కాయ సందుల్లో తెల్లగా దూది లాంటిది కనిపిస్తే అది పిండినల్లి. కాండం మీద చీమలు బారు కట్టాయేమో కూడా చూడండి. నల్లిని కొమ్మ నుంచి కొమ్మకు చేరవేసేవి అవే. కాండం చుట్టూ జానెడు వెడల్పు పాలిథిన్ పట్టీ కట్టి పైన గ్రీజు పూయండి. అయితే తెల్లగా ఉన్నదల్లా నల్లి కాదు. కాస్త పెద్దగా, ఒంటి నిండా తెల్లని పోగులతో చురుగ్గా తిరిగేవి అక్షింతల పురుగు పిల్లలు. అవి నల్లినే తింటాయి. భూతద్దం ఇచ్చి పిల్లలకు చూపించండి. అవి ఉన్న చెట్టుకు మందు కొట్టకండి.

కాయ కళ్లు ఎడంగా విచ్చుకొని, మధ్య గీతలు లేత పసుపు రంగుకు తిరిగినప్పుడు కోసి గడ్డిలో మాగబెట్టండి. తిన్న గింజలను పిల్లలు నూరి ఆడకుండా చూడండి. ఆ పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. పేలకని తలకు పట్టించే పాత అలవాటు మీ ఇంట్లో ఉంటే అదీ మానేయండి. రాతికాయలు వచ్చే ఏడూ ఇలాగే ఎక్కువుంటే, నాలుగైదు కాయలను కొమ్మతో సహా కాగితం సంచిలో పెట్టి పాలెం కృషి విజ్ఞాన కేంద్రానికి తెచ్చి చూపించండి. ప్లాస్టిక్ కవర్లో తెస్తే చెమ్మకు బూజు పట్టి తెగులేదో తేల్చడం కష్టం.