ఈసీఈ చదువుతూ ఫాంట్లు, జపనీస్, ఎడిటింగ్... ఏది వదిలేయాలి?

ప్రశ్న: మేడమ్, మాది తణుకు. విజయవాడ దగ్గర ఒక కాలేజీలో ఈసీఈ రెండో ఏడాది చదువుతున్నాను. నాకు ఏ ఒక్కదాని మీదా మనసు నిలవదు. ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ ఇష్టం. తెలుగు అక్షరాలు గీయడం ఇష్టం, ఒక ఫాంట్ మొదలుపెట్టి సగంలో ఆపేశాను. ఫెస్టులకు వీడియోలు ఎడిట్ చేస్తాను. యాప్‌లో జపనీస్ నేర్చుకుంటున్నాను. ఇంటికెళ్తే మేడ మీద మొక్కలతోనే సరిపోతుంది. ఫ్రెండ్స్ అంతా కోడింగ్ ప్రాక్టీసులో పడ్డారు. నాకేమో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ సబ్జెక్టు తప్పి బ్యాక్‌లాగ్‌గా ఉండిపోయింది. "పది పనులు పట్టుకుంటే ఒక్కటీ రాదు, అన్నీ పక్కన పెట్టి చదువు చూసుకో" అంటున్నారు నాన్న. చాలా టెన్షన్‌గా ఉంది. ఏది వదిలేయాలి?

జవాబు: అమ్మా, నీ ఉత్తరం చదువుతూ రెండు చోట్ల ఆగాను. ఒకటి సగంలో ఉన్న ఫాంట్ దగ్గర, రెండోది బ్యాక్‌లాగ్ దగ్గర. నీకు ఇష్టాలు ఐదున్నా పదున్నా నాకు కంగారు లేదు. రెండో ఏడాదికి వచ్చినా "ఇదిగో, ఇది నేను పూర్తి చేశాను" అని చూపించడానికి ఒక్కటీ లేకపోవడమే నాకు కంగారుగా ఉంది. ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నవాళ్లకు నీకు ఏమేం వచ్చో ముందుగా తెలియదు. నువ్వు ముగించి వాళ్ల ముందు పెట్టిందే వాళ్లు చూడగలరు. అందుకని ఏది వదిలేయాలన్న సంగతి తర్వాత చూద్దాం. ముందు ఏది ముగించాలో తేల్చుకుందాం.

మొదట ముగించాల్సింది బ్యాక్‌లాగ్. చాలా కంపెనీలు బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లను క్యాంపస్ డ్రైవ్‌లో రాత పరీక్షకే కూర్చోనివ్వవు. పైగా ఇది పక్కన పెట్టి నెగ్గుకురాగల సబ్జెక్టు కాదు. డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ (డీఎస్‌పీ), కమ్యూనికేషన్స్, కంట్రోల్ సిస్టమ్స్ అన్నీ దీని మీదే నిలబడతాయి. నీకు ఇందులో ఒక సౌలభ్యం కూడా ఉంది. నువ్వు వీడియో ఎడిట్ చేసేటప్పుడు ఆడియో సెట్టింగుల్లో 48 కిలోహెర్ట్జ్ అని చూసే ఉంటావు. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారి ఆలోచించు. మనిషి చెవికి దాదాపు 20 కిలోహెర్ట్జ్ దాకా వినిపిస్తుంది. శాంప్లింగ్ సిద్ధాంతం ప్రకారం దానికి రెట్టింపు కంటే ఎక్కువ, అంటే సెకనుకు 40 వేలకు పైగా శాంపిల్స్ (ధ్వని కొలతలు) తీయాలి. అందుకే సీడీకి 44.1 కిలోహెర్ట్జ్, వీడియోకి 48. నువ్వు వాడే ఈక్వలైజర్ అచ్చంగా ఒక ఫిల్టర్. జేపెగ్ ఫొటో సైజు తగ్గడం వెనక ఉన్నది నీ సిలబస్‌లోని ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్‌కు దగ్గర చుట్టమైన కొసైన్ ట్రాన్స్‌ఫామ్. టెక్స్ట్‌బుక్‌లో కొరుకుడు పడని చాప్టర్‌ని నీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టుకుని చదివి చూడు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ఈ సబ్జెక్టు పాఠాలు ఉచితంగానే ఉన్నాయి.

ఇక నాన్నగారి మాట. దాన్ని కొట్టిపారేయకు. పది పనులు పట్టుకోవడం అంటే నాకు పింగళి వెంకయ్య గారు గుర్తొస్తారు. ఆయన పేరు చెప్పగానే మనకు జెండా గుర్తొస్తుంది. కానీ ఆయన పత్తి సాగు మీద పరిశోధన చేసి 'పత్తి వెంకయ్య' అయ్యారు, జపనీస్ నేర్చుకుని 'జపాన్ వెంకయ్య' అయ్యారు, వజ్రాల గురించిన పరిజ్ఞానంతో 'డైమండ్ వెంకయ్య' అయ్యారు. నీలాగే ఆయనకూ జపనీస్ మీద మనసు పోయింది చూడు! ఇన్ని పనుల మధ్య కూడా జెండా విషయాన్ని మాత్రం ఏళ్ల తరబడి వదల్లేదు. 1916లోనే రకరకాల నమూనాలతో పుస్తకం వేశారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు గాంధీజీ చేతికి తన నమూనా ఇచ్చారు. అయితే ఆయన చివరి రోజులు పేదరికంలో గడిచాయన్నది కూడా నిజమే. 1963లో కన్నుమూశారు. మీ నాన్నగారి భయం అక్కడే ఉంది. ఆ భయం న్యాయమైనదే. నెలనెలా జీతం తెచ్చే పని ఏదో నువ్వు తేల్చి చెప్పగలిగితే మిగతా వాటికి ఆయన అడ్డు చెప్పరని నా నమ్మకం. నీకు ఆ పని ఎలక్ట్రానిక్స్. ల్యాబ్ ఇష్టమని నువ్వే అన్నావు, డిగ్రీ కూడా అందులోనే.

ఇప్పుడు ఫాంట్ సంగతి. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నీకున్న మంచి అవకాశం ఇక్కడే ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఫాంట్ సగంలో ఆగడానికి నీ బద్ధకం కారణం అనుకోకు. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపితే ఒక తెలుగు ఫాంట్‌కి వందల రూపాలు గీయాలి. చదువుకుంటూ ఒక్కదానివే చేసే పని కాదది. దాన్ని చిన్నది చెయ్యి.

ఎలాగంటే, 'స్త్రీ' అన్న మాట చూడు. మనం ఒక్క అక్షరంలా చదువుతాం. కంప్యూటర్ ఒక్కో అక్షరానికి ఒక్కో నంబరు ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో అది ఆరు కోడ్‌లు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం. ఈ ఆరింటినీ ఒక్క రూపంగా కూర్చే పని ఫోన్‌లో హార్ఫ్‌బజ్ లాంటి సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. ఈఎస్‌పీ32 లాంటి చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుకు తగిలించే ఓఎల్‌ఈడీ తెరల సంగతి వేరు. వాటికి వాడే మామూలు సాఫ్ట్‌వేర్ లైబ్రరీలు ఒక కోడ్ తర్వాత ఇంకో కోడ్ వరసగా పేర్చుకుంటూ పోతాయి. ఇంగ్లిష్‌కి అది చాలు. తెలుగులో ఒత్తు కిందికి దిగదు, గుడి పైకి ఎక్కదు.

ఇదే నీ ప్రాజెక్టు. తణుకు నుంచి విజయవాడ వెళ్లే బస్సుకు పెట్టే ఊళ్ల పేర్ల బోర్డు అనుకో. తాడేపల్లిగూడెం, హనుమాన్ జంక్షన్, గన్నవరం... ఈ పేర్లలో ల్ల, క్ష, న్న వచ్చేశాయి. మొత్తం వర్ణమాల అక్కర్లేదు, ఈ ఊళ్ల పేర్లకు కావాల్సిన రూపాలు మాత్రమే గీయి. ఫాంట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఫాంట్‌ఫోర్జ్ ఉచితంగా దొరుకుతుంది. అక్షరాలు కూర్చే పని కంప్యూటర్‌లో హార్ఫ్‌బజ్‌తో చేయించి, తయారైన పేర్లను బిట్‌మ్యాప్‌లుగా, అంటే చుక్కల బొమ్మలుగా మార్చి ఈఎస్‌పీ32లోకి ఎక్కించు. 128 బై 64 చుక్కల తెరలో పైన గుడి, కింద ఒత్తు రెండూ ఇమిడేలా అక్షరం గీయడం ఎంత కష్టమో చేస్తేగానీ తెలియదు. అక్కడ నీకున్న గీసే నేర్పు పనికొస్తుంది. మీ క్లాసులో సర్క్యూట్ తెలిసినవాళ్లు ఇంకా ఉంటారు, ఒత్తు ఎక్కడ తేలిపోతుందో కంటితో పట్టగలిగినవాళ్లు మాత్రం అరుదు. పూర్తయ్యాక కోడ్, ఫొటోలు, నువ్వు పడ్డ ఇబ్బందులు అన్నీ కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లో పెట్టు. ఎంబెడెడ్ (పరికరాల్లోని చిప్‌లకు ప్రోగ్రాం రాసే) ఉద్యోగాల ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడటానికి ఇది చాలు.

ఫ్రెండ్స్ చేస్తున్న కోడింగ్‌ని మాత్రం తీసిపారేయకు. క్యాంపస్‌కు వచ్చే చాలా కంపెనీల తొలి వడపోత దాంతోనే జరుగుతుంది. రోజూ కొంతసేపు సీ లాంగ్వేజ్‌లో డేటా స్ట్రక్చర్స్ చెయ్యి. ఎంబెడెడ్ వైపు వెళ్లినా అదే సీ కావాలి.

జపనీస్‌కి ఒక గడువు పెట్టుకో. జపనీస్ ఎంత వచ్చో కొలిచే జెఎల్‌పీటీ పరీక్ష జులైలో, డిసెంబరులో జరుగుతుంది. తొలి మెట్టు ఎన్‌5. యాప్‌లో రోజులు లెక్కపెట్టుకోవడం కంటే ఆ పరీక్ష రాస్తే నీకెంత వచ్చిందో తెలుస్తుంది. ఎన్‌5 అయిపోగానే జపాన్‌లో ఉద్యోగం వచ్చేస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకు. ఆఫీసు పని జరగాలంటే ఇంకా చాలా పై స్థాయికి వెళ్లాలి. బ్యాక్‌లాగ్ పోయేవరకు రోజుకు పది నిమిషాలు మించనివ్వకు.

ఎడిటింగ్ దగ్గర మొహమాటం వదులుకో. ఫెస్టు వచ్చిందంటే అందరూ నీ దగ్గరికే వస్తారు, రాత్రుళ్లు కూర్చుని చేసిపెడతావు, నీ వారం మొత్తం పోతుంది. సెమిస్టర్‌కి ఒక్క వీడియోకి ఒప్పుకో, మిగతా వాళ్లకు కుదరదని చెప్పెయ్యి. మొక్కల జోలికి నేను రాను. వాటికి గడువులు, సర్టిఫికెట్లు ఏమీ వద్దు. మేడ మీద నీకు దొరికే ఆ కాసేపు అలాగే ఉండనీ.

సమయం గురించి ఒక్క మాట. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ఒక విషయం చూపించారు. ఒక పని ముగియకుండానే ఇంకో పనికి మారితే మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుంది, దాంతో కొత్త పని సరిగ్గా సాగదు. గంటకో పని చొప్పున టైంటేబుల్ వేసుకునేవాళ్లు అలసిపోయేది ఇందుకేనేమో. నువ్వు సాయంత్రానికి ఒక్కటే పెద్ద పని పెట్టుకో. వారంలో నాలుగు సాయంత్రాలు సిగ్నల్స్‌కి, ఒకటి బోర్డుకి. లేచేముందు ఎక్కడ ఆగావో, తర్వాత ఏం చేయాలో రెండు ముక్కలు కాగితం మీద రాసి లే. మళ్లీ కూర్చున్నప్పుడు మొదటి అరగంట వెతుకులాటకే పోకుండా ఉంటుంది.

డిజైన్ వైపు వెళ్లాలంటే ఈసీఈ మానేయాలేమో అన్న ఆలోచన ఉంటే తీసెయ్యి. డిజైన్ పీజీ కోర్సుల కోసం ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ ప్రవేశ పరీక్షను డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు ఏ బ్రాంచి వాళ్లయినా రాయొచ్చు. దాంతో ఐఐటీ బాంబే, ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట్ల ఎం.డిజైన్‌కి ప్రయత్నించొచ్చు. వయసు పరిమితి లేదు, ఎన్నిసార్లు రాయొచ్చన్న పరిమితీ లేదు. ఉద్యోగంలో చేరి రెండేళ్ల తర్వాతైనా రాసుకోవచ్చు. బొమ్మలు గీసే భాగం ఉంటుంది కాబట్టి చేతిని మాత్రం ఆపకు. ఇంటర్వ్యూకి పిలిస్తే పోర్ట్‌ఫోలియోలో పెట్టడానికి ఆ బస్సు బోర్డు అప్పటికే నీ దగ్గర ఉండాలి.

ఈ జవాబు నాన్నగారికి కూడా చూపించు. సప్లిమెంటరీ నోటిఫికేషన్ ఎప్పుడో సోమవారం ఎగ్జామ్ సెల్‌లో కనుక్కో. ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుని చాప్టర్లు పంచుకో. బోర్డు పనిలో ఎక్కడైనా చిక్కుపడితే తెర ఫొటో, కోడ్ రెండూ పంపిస్తూ మళ్లీ రాయి.