పన్నెండేళ్లుగా టైపు చేస్తున్నా, ఎవరైనా వెనక నిలబడితే చేతులెందుకు తడబడతాయి?

మీ ప్రశ్న చదివితే నా సంగతే రాశారేమో అనిపించింది. పన్నెండేళ్ల అనుభవం, నిమిషానికి అరవై మాటల వేగం. అయినా టైపింగ్ పరీక్షలో వెనక ఒకరు వచ్చి నిలబడేసరికి తప్పుల మీద తప్పులు. ఆ టెన్షన్‌లో 'బి' ఎక్కడుందో ఆలోచిస్తే అదీ గుర్తురాలేదు. "వచ్చిన పని మరిచిపోతున్నానా? ఇకనుంచి ఒక్కో అక్షరం చూసుకుంటూ జాగ్రత్తగా కొట్టాలా?" అని అడిగారు.

మరిచిపోవడం లేదు. చూసుకుంటూ మాత్రం కొట్టకండి, ఆ పొరపాటు నేను చేసి చూశాను.

పద్దెనిమిదేళ్లుగా రోజుకు ఆరేడు గంటలు టైపు చేయడమే నా పని. కొన్నేళ్ల కిందట కొత్తగా చేరిన అమ్మాయి ఒకామె నా పక్కన కుర్చీ వేసుకుని, "మేడమ్, 'సి'కి ఏ వేలు వాడాలి?" అని అడిగింది. నోట మాట రాలేదు. చివరికి కీబోర్డు పక్కకి జరిపి, 'కాపీ' అనే ఇంగ్లిష్ మాటను ఉత్త బల్ల మీద కొట్టి చూసుకున్నాను. ఎడమచేతి నడిమివేలు కిందికి జారింది. "అదిగో, ఆ వేలు" అన్నాను, ఏదో నేనే కనిపెట్టినట్టు. అంతటితో అయిపోతే బాగుండేది. ఆ మధ్యాహ్నమంతా 'సి' వచ్చినప్పుడల్లా ఆ వేలు నా కంట్లో పడుతూనే ఉంది. పడినప్పుడల్లా పక్క కీ మీద దెబ్బ.

అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ప్రచురించిన ఒక ప్రయోగం చూశాక నా మనసు కుదుటపడింది. సగటున నిమిషానికి 72 మాటలు కొట్టేవాళ్లకు అక్షరాల్లేని కీబోర్డు బొమ్మ ఇచ్చి, ఏ అక్షరం ఎక్కడుంటుందో నింపమన్నారు. 26లో సగటున 15 మాత్రమే సరిగ్గా పెట్టగలిగారు. కాబట్టి 'బి' గుర్తురాకపోవడం మతిమరుపు కాదు. ఆ సంగతి వేళ్లకు తెలుసు, మీకు తెలియాల్సిన అవసరం తీరిపోయి చాలాకాలమైంది.

నేర్చుకునే రోజులు గుర్తు చేసుకోండి. ప్రతి కీ దగ్గరా ఆగి తేల్చుకోవాలి. ఎవరైనా పలకరిస్తే చేతులు ఆగిపోయేవి. మనిషి ఒకేసారి పట్టించుకోగలిగింది కొంచెమే, ఆ కొంచెమూ వేళ్లకే సరిపోయేది. చెయ్యి తిరిగేకొద్దీ ధ్యాస వేళ్ల మీంచి లేచి మాటల మీదికి పోతుంది. 1890లలో టెలిగ్రాఫ్ ఆపరేటర్లను గమనించిన బ్రయన్, హార్టర్ అనే ఇద్దరు చెప్పిందీ ఇదే. కొత్తవాళ్లు తీగ మీద వచ్చే టకటక శబ్దాలను అక్షరాలుగా వింటారు, కొన్నాళ్లకు మాటలుగా, బాగా చెయ్యి తిరిగాక వాక్యాల ముక్కలుగా.

అలా అలవాటైపోయిన పని ఆపమన్నా ఆగదు. 'ఎరుపు' అనే మాటను ఆకుపచ్చ సిరాతో రాసి, మాట చదవకుండా సిరా రంగు మాత్రం చెప్పమనండి. నాలుక తడబడుతుంది. 1935లో స్ట్రూప్ అనే ఆయన ప్రచురించిన ప్రయోగం ఇది, కాగితం, రంగు పెన్నులు ఉంటే ఇంట్లోనే చేసి చూడొచ్చు.

ఇక మీ పరీక్ష సంగతి. ఎవరో చూస్తున్నారనగానే తప్పు రాకూడదన్న భయంతో మాటల మీదున్న ధ్యాసను మళ్లీ వేళ్ల మీదికి లాక్కొచ్చారు. ఒకే ఊపులో సాగాల్సిన పనిని విడివిడి ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ తనిఖీ చేయబోయారు. సయన్ బీలాక్ అనే పరిశోధకురాలు, ఆమె బృందం 2002లో ఫుట్‌బాల్ ఆడేవాళ్లతో దీన్ని చూపించారు. బంతిని కాలితో నడిపిస్తూ, అది పాదానికి ఏ వైపు తగులుతోందో గమనించమన్నారు. ఆటలో ఆరితేరినవాళ్లు తమ అలవాటైన కాలితో ఆడేటప్పుడు నెమ్మదించారు. కొత్తవాళ్లకు మాత్రం అలా గమనించడమే మేలు చేసింది!

ఈ రెండో సగం కూడా నాకు అనుభవమే. ఇన్‌స్క్రిప్ట్‌లో అంటే భారతీయ భాషల కోసం చేసిన కీబోర్డు అమరికలో, తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు మళ్లీ మొదటికొచ్చాను. 'క్ష' కావాలంటే 'క', పొల్లు, 'ష' అని మూడుసార్లు కొట్టేదాన్ని. పొల్లేమో ఎడమచేతి నడిమివేలి కింద ఉంటుంది. పైకి గొణుక్కుంటూ, వేళ్లను చూసుకుంటూ కొడితేనే సరిగ్గా వచ్చేది. కొన్ని నెలలకు 'సూక్ష్మం' అని కొట్టేశాక గానీ అందులో రెండు పొల్లులున్నాయని తట్టలేదు. అంటే "వేళ్లను గమనించు" అన్న సలహా తప్పేం కాదు, అది కొత్తవాళ్లకు చెప్పాల్సింది.

అలవాటు చేసే చేటు కూడా ఉంది. ఒకరోజు పాత ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచి చూసి మూసేస్తున్నాను. "మార్పులు సేవ్ చేయాలా?" అని అడగడం, "వద్దు" నొక్కడం, ఇలా ఓ ఇరవై ఫైళ్లు. ఆ తర్వాతది నేను పొద్దుటి నుంచి కూర్చుని కొట్టింది. దానికీ "వద్దు" నొక్కేశాను. వేలు కిందికి దిగుతుండగానే తెలిసింది, కానీ అప్పటికే ఆలస్యమైంది. చుట్టుపక్కలవాళ్లు "కాస్త జాగ్రత్తగా ఉండాల్సింది" అన్నారు. ఆ సలహా నాకెప్పుడూ పనిచేయలేదు. నేను పరధ్యానంలో లేను, నా ధ్యాస తర్వాతి ఫైలు మీద ఉంది. దాని బదులు ఇంకో అలవాటు చేసుకున్నాను. పేరా అయిపోగానే కంట్రోల్-ఎస్, అంటే సేవ్. ఇప్పుడు ఫుల్‌స్టాప్ పెట్టడమే ఆలస్యం, చిటికెనవేలు దానంతటదే కంట్రోల్ మీదికి పోతుంది.

వచ్చే పరీక్ష కోసం నేనైతే ఇలా చేస్తాను. ఇంట్లోనో ఆఫీసులోనో ఎవరినైనా బతిమాలి రోజూ పది నిమిషాలు మీ కుర్చీ వెనక నిలబెట్టుకోండి. చేతులు కట్టుకుని ఊరికే చూస్తే చాలు. మొదటి నాలుగు రోజులు చిరాగ్గానే ఉంటుంది. కొట్టేటప్పుడు కళ్లు కాగితం మీద, చేతులకంటే ఒక మాట ముందు ఉండాలి. ఎంత వేగంగా కొట్టేవాళ్లకైనా రాబోయే అక్షరాలు కనబడకుండా దాచేస్తే వేగం బాగా పడిపోతుంది, కాబట్టి ఆ ముందుచూపే మీ బలం. తప్పు పడిందని తెలిస్తే బ్యాక్‌స్పేస్ కొట్టి సాగిపోండి, కిందికి చూడకండి.

వేగం కూడా అరవై దగ్గరే ఆగిపోయిందని రాశారు కదా. ఇంకో పన్నెండేళ్లు ఇలాగే కొట్టినా అది పెరగదనే నా అనుమానం. అండర్స్ ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1993లో వాదించింది ఇదే: ఊరికే ఏళ్లు గడిస్తే చాలదు, రాని చోటునే పట్టుకుని సాధన చేయాలి. మీరు తడబడే మాటలు ఓ పదిహేను రాసి పెట్టుకోండి. వాటిని నెమ్మదిగా, వేళ్లను గమనిస్తూ కొట్టండి. ఇక్కడ మాత్రం వేళ్లను గమనించాలి, ఆ మాటలకు మీరింకా కొత్తవాళ్లే. పరీక్షకు రెండు రోజుల ముందు మాత్రం ఆపేయండి.

అన్నట్టు, 'బి' ఎడమచేతి చూపుడువేలికి వస్తుంది. ఇది రాసేముందు నేనూ బల్ల మీద కొట్టి చూసుకున్నాను.