పూల్‌లో కట్ షాట్లు పడటం లేదు, బాగా ఆడేవాళ్ళ దగ్గర గురి ఎలా నేర్చుకోవాలి?

ప్రశ్న: తణుకులో ఉంటాను. ఆరు నెలలుగా పూల్ ఆడుతున్నాను. తిన్నగా ఉన్న బంతులు పడతాయి, కొంచెం కట్ వస్తే, అంటే బంతిని పక్కగా తగిలించి ఓ కోణంలో పంపాల్సి వస్తే చాలు, పోతుంది. వీడియోలు చాలా చూశాను, లాభం లేదు. మేం ఆడే చోట బాగా ఆడేవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్ళని చూసి గానీ, అడిగి గానీ గురి మెరుగుపరుచుకోవడం ఎలా?

జవాబు:

మాది భీమవరం దగ్గర పల్లెటూరండి. నేను డిగ్రీ చదివే రోజుల్లో టౌన్లో కాలవగట్టు పక్కన ఒక మేడ మీద రెండు పూల్ టేబుళ్ళుండేవి. వాటిలో ఒకటి కాలవ వైపు వాలి ఉండేది, నెమ్మదిగా కొడితే బంతి అటే వెళ్ళిపోయేది. నేను క్యారమ్స్ నుంచి వచ్చినవాణ్ణి. మా వీధిలో నన్ను ఓడించేవాడు లేడు కాబట్టి పూల్ ఎంతలో పని అనుకున్నాను. ఓడినవాడే టేబుల్ డబ్బులు కట్టాలి కదా, మొదటి ఏడాది నా పాకెట్ మనీ అంతా దానికే సరిపోయింది.

అక్కడికి సాయంత్రాలు ఒక పెద్దాయన వచ్చేవారు. పాతకాలపు క్లబ్బులో ఏళ్ళ తరబడి మార్కర్‌గా చేసి మానేశారు. మార్కరంటే స్కోరు రాస్తాడు, బంతులు సర్దుతాడు, మెంబరుకి జోడీ దొరక్కపోతే తనే స్టిక్ పట్టుకుంటాడు. స్నూకర్ 1875లో జబల్పూర్‌లో బ్రిటిష్ ఆఫీసర్ల మధ్య పుట్టిన ఆట. ఆ దొరల అలవాటుతోనే మన ఊళ్ళ క్లబ్బుల్లోకీ బిలియర్డ్స్ టేబుళ్ళు, మార్కర్లు వచ్చారు. చాలా చోట్ల మెంబర్లందరికంటే బాగా ఆడేది మార్కరే, బోర్డు మీద పేరు మాత్రం మెంబర్లది. 12 అడుగుల స్నూకర్ టేబుల్ మీద 52.5 మిల్లీమీటర్ల బంతులతో చెయ్యి తిరిగిన మనిషికి మా పూల్ పాకెట్లు చూస్తే నవ్వొచ్చేది. "ఇందులో ఎడ్లబండి కూడా పడిపోద్దండి అబ్బాయిగారూ" అనేవారు.

ఒకరోజు ఒకే ఎయిట్ బాల్‌ని మూడుసార్లు పోగొట్టి, చివరికి సిగ్గు వదిలేసి అడిగాను: "మాస్టారూ, ఈ కట్‌కి ఎక్కడ గురి పెట్టాలండి?"

ఆయన జవాబు చెప్పలేదు. మూలనున్న క్రేట్లోంచి ఖాళీ ఆర్టోస్ కూల్‌డ్రింక్ సీసా ఒకటి తెచ్చి టేబుల్ మీద పడుకోబెట్టారు, మూతి నా వైపు పెట్టి. తన సన్న స్టిక్ నా చేతికిచ్చి, "బంతొద్దండి. ఇందులోకి పెట్టి తియ్యండి. గాజుకి తగలకూడదు" అన్నారు.

నాలుగుసార్లు పెట్టాను. నాలుగుసార్లూ టిక్కుమంది.

"ఇనబడిందాండి? మీ కట్టు అక్కడ పోతంది."

అప్పుడు ఒప్పుకోబుద్ధి కాలేదు. తరవాత ఇంట్లో కాగితం మీద లెక్క వేసుకుంటే తెలిసింది. పూల్ బంతి అడ్డం 57 మిల్లీమీటర్లు. వైట్‌కీ (స్టిక్‌తో కొట్టే తెల్లబంతి), పాకెట్లో వెయ్యాల్సిన అవతలి బంతికీ మధ్య మూడడుగుల దూరం ఉందనుకోండి. వైట్ ఒక్క డిగ్రీ పక్కకి వెళ్ళినా, అవతలి బంతి దాదాపు 15 డిగ్రీలు పక్కకి పోతుంది. అంటే మీరు గురి సరిగ్గానే పెట్టి ఉండొచ్చు, స్టిక్ చివర్లో పిసరంత వంకర తిరిగితే చాలు. తిన్నటి షాటయినా లెక్క ఇదే. మీకు తిన్నటివి పడుతున్నాయంటే అవి బహుశా దగ్గరి బంతులై ఉంటాయి, ఓసారి గమనించండి.

ఆ సీసాలో ఇంకో సంగతుంది, నాకు చాలా రోజులకి గానీ తట్టలేదు. పడుకోబెట్టిన సీసా మూతి, టేబుల్ మీద బంతి నడిమధ్య, రెండూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటాయి. కాబట్టి స్టిక్ సీసాలోకి తిన్నగా వెళ్ళి తిన్నగా వస్తే వైట్‌ని మధ్యలో కొడుతున్నట్టే. స్టిక్ వెనక భాగం పైకి లేస్తే గాజు వెంటనే చెప్పేస్తుంది. మీది పూల్ స్టిక్ అయితే టిప్ 13 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, సీసా మూతిలో చోటు మరీ తక్కువ. మొదట వెడల్పు మూతి ఉన్న సీసాతో మొదలుపెట్టండి. పదిహేను రోజులు, రోజూ పది నిమిషాలు చాలు. నేను ఇంట్లో భోజనాల బల్ల మీద చేసేవాణ్ణి, మా అమ్మ తిడుతూనే ఉండేది.

సీసా తరవాత ఆయన పట్టుకున్న తప్పు ఇంకా విచిత్రంగా ఉంటుంది. నేను ముందు వంగిపోయి, వంగాక గురి వెతుక్కునేవాణ్ణి. స్టిక్‌ని అటూ ఇటూ జరుపుతూ, భుజం తిప్పుతూ. ఒకసారి వెనక నుంచి నా చొక్కా కాలరు పట్టుకుని నిటారుగా నిలబెట్టేశారు. "వొంగాక ఎతుకులాటేంటండి? నిలబడి చూసుకుని, అప్పుడు కదా వొంగాలి!"

మీ దగ్గరున్న బాగా ఆడేవాళ్ళని చూసేటప్పుడు దీన్నే చూడండి. మనందరం బంతిని చూస్తాం, అది పడిందా లేదా అని. ఈసారి వాళ్ళ పాదాలు చూడండి. షాట్‌కి ఒక అడుగు వెనక నిలబడి, వైట్ వెళ్ళాల్సిన గీత మీదికి చూపు పెట్టి, ఆ గీత మీదికే కుడికాలు వేసి (ఎడమచేతి వాటమైతే ఎడమకాలు), తిన్నగా కిందికి దిగుతారు. దిగాక సర్దుకునేది దాదాపు ఏమీ ఉండదు. నచ్చకపోతే మళ్ళీ లేస్తారు. అలా లేచే ఓపిక నాకు రావడానికి ఆర్నెల్లు పట్టింది.

చివరి చూపు ఎక్కడుండాలన్నది కూడా చాలామంది అడుగుతారు. చిన్నప్పుడు గోళీలాడారు కదా. వేలి మీద గోళీని చూస్తూ కొట్టారా, అవతలి గోళీని చూస్తూ కొట్టారా? ఇక్కడా అంతే. స్టిక్ ఊపేటప్పుడు చూపు వైట్‌కీ అవతలి బంతికీ మధ్య తిరిగినా, కొట్టే క్షణంలో అవతలి బంతి మీదే ఉండాలి. క్యారమ్స్ అలవాటు ఉంటే ఒక జాగ్రత్త: కాయిన్ పడిందా అని తల ఎత్తేస్తాం. స్ట్రైకర్‌కి అది చెల్లుతుందేమో, స్టిక్‌కి చెల్లదు. తల ఎత్తితే భుజం లేస్తుంది, భుజంతో పాటు స్టిక్కూ లేస్తుంది.

ఇక అసలు గురి. దీనికి నాకు పనికొచ్చింది బొట్టుబిళ్ళ. నవ్వకండి. కొట్టాల్సిన బంతిని ఒక చోట పెట్టండి. దాని వెనక, పాకెట్‌కి తిన్నగా ఉండేలా, ఇంకో బంతిని ఆనించండి. వైట్ వచ్చి తగలాల్సిన చోటు అదే. ఆ రెండో బంతి క్లాత్‌కి ఆనే చోట చిన్న బొట్టుబిళ్ళ అంటించి (రాళ్ళు లేనిది, టేబుల్ ఓనర్ని అడిగి) బంతి తీసేయండి. ఇప్పుడు వైట్‌ని ఆ బిళ్ళ మీదికి పంపండి, అవతలి బంతి సంగతి మర్చిపోండి. ఒక కోణంలో ముప్పై సార్లు కొట్టి, బిళ్ళ తీసి మళ్ళీ కొట్టండి. ముందుగా సగం బంతి షాట్ పట్టుకోండి: స్టిక్ గీత అవతలి బంతి అంచు మీదికి తిన్నగా వెళ్తే ఆ బంతి 30 డిగ్రీల కట్‌లో పోతుంది. ఇది కంటికి పడితే మిగతా కట్‌లని దీనికన్నా లావా (బంతికి ఎక్కువ తగలాలా) సన్నమా (తక్కువ తగలాలా) అని పోల్చుకోవడమే. మరీ నెమ్మదిగా కొట్టినప్పుడు, బంతులు జిడ్డుగా ఉన్నప్పుడు లెక్క కొద్దిగా తప్పుతుంది, వైట్ వెళ్ళే వైపే అవతలి బంతిని కాస్త లాగుతుంది. కాబట్టి ఆటకి ముందు బంతులు పొడిగుడ్డతో తుడవండి. మన దగ్గర ఉక్కకి చెమట చెయ్యి మీద స్టిక్ పట్టేస్తుంది, వానాకాలం క్లాత్ చెమ్మగిల్లి బంతి నడకే మారిపోతుంది. జేబులో ఒక తువ్వాలు ముక్క ఉంచుకోండి. పౌడర్ మాత్రం వద్దు, క్లాత్ పాడవుతుంది, ఓనర్‌తో మాట పడాలి.

అడగడం గురించి. "ఎలా కొట్టారు?" అని అడిగితే బాగా ఆడేవాడు నిజంగానే చెప్పలేడు, "అలా వచ్చేస్తదంతే" అంటాడు. "అన్నా, ఈ గేమ్‌లో నా తల కదులుతుందేమో కొంచెం చూస్తావా?" అని ఒకే పని అప్పగించండి, ఒక టీ ఇప్పించండి. ఎవరైనా చూస్తారు. ఒకే సాయంత్రం ముగ్గుర్ని మాత్రం అడక్కండి. ఒకరు మోచెయ్యి దించమంటారు, ఇంకొకరు ఎత్తమంటారు, రాత్రికి మీకు స్టిక్ పట్టుకోవడమే మర్చిపోయినట్టుంటుంది. పందెం పెట్టి ఆడేవాళ్ళ దగ్గర సలహా అసలే వద్దు, మీరు బాగుపడితే వాళ్ళకేం లాభం? టేబుల్ డబ్బులకి ఆడి ఓడిపోండి, అది ఫీజనుకోండి. నేను ఆ మాస్టారికి కట్టింది అదే.

మీకింకా కచ్చితంగా చెప్పాలంటే ఒకటి తెలియాలి. ఒకే కట్ షాట్‌ని ఇరవై సార్లు కొట్టి, బంతి పాకెట్‌కి ఏ వైపు తప్పిందో రాసి పెట్టండి. ఎప్పుడూ ఒకే వైపు తప్పుతుంటే ముందు మీ నిలబడే తీరు, కన్ను చూసుకోవాలి. గడ్డం కింద స్టిక్ ఒక కంటి వైపు జరిగి ఉందేమో ఫోన్లో ముందు నుంచి వీడియో తీసి చూడండి. చెరో వైపూ తప్పుతుంటే అది సీసా పని. ఏది వచ్చిందో కింద కామెంట్లో రాయండి. ఆడేముందు మీ టేబుల్ ఏ వైపైనా వాలి ఉందేమో కూడా నెమ్మదిగా బంతి దొర్లించి చూసుకోండి, మా మేడ మీద టేబుల్‌తో అది తెలియక నేను రెండు నెలలు నా కళ్ళనే అనుమానించాను.