ఆగని ప్రోగ్రామ్ గురించి చిన్నాకి

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. హైదరాబాదులో ఉద్యోగం మానేశావట. మన వైపు పాల కేంద్రాలకి ప్రోగ్రామ్ రాస్తున్నావట. వచ్చే నెల నుంచి మూడు ఊళ్లలో దాంతోనే బిల్లులు వేస్తారట. విని ఎంత పొంగిపోయానో చెప్పలేను. గేదెపాలు పోసి మా అక్కచెల్లెళ్లిద్దరినీ చదివించిన మా అమ్మ ఈ మాట వినుంటే ఊరంతా తిరిగి చెప్పుకునేది. అంతలో మీ అమ్మ ఇంకో మాట అంది. "ఏం జరిగినా వాడి ప్రోగ్రామ్ ఆగదటక్కా" అని. ఇక నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఇది రాస్తున్నాను.

సరిగ్గా ఆ మాటే 2001లో నేనూ అన్నాను.

అప్పట్లో విజువల్ బేసిక్ 6 అనే భాషలో ప్రోగ్రామ్‌లు రాసేవాళ్లం. తెనాలి దగ్గర ఒక ఊళ్లో పాల కేంద్రానికి నేనే ప్రోగ్రామ్ రాసిచ్చాను. తూకం మిషన్ నుంచి ఒక కేబులు, పాలలో కొవ్వు శాతం చూసే ఫ్యాట్ మిషన్ నుంచి ఒక కేబులు కంప్యూటర్‌కి వచ్చేవి. మనిషి క్యాను పెట్టగానే లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థం) తెర మీద పడేవి. స్లిప్పు వచ్చేది. మొదటి వారం ఊరంతా వచ్చి వింతగా చూశారు. రెండో వారం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. సాయంత్రం పాల వేళకి, సరిగ్గా వరసలో పాతికమంది నిలబడ్డప్పుడు, తెర మీద ఎర్రర్ 13, టైప్ మిస్‌మ్యాచ్ అని పెట్టె వచ్చేది. సెక్రటరీ ఓకే నొక్కితే ప్రోగ్రామ్ మొత్తం మూసుకుపోయేది. పాలు విరిగిపోతాయని జనం అరిచేవాళ్లు. ఆయన నాకు ఫోన్ చేసేవాడు. విజయవాడలో చంటిపిల్లని ఒళ్లో పెట్టుకుని సమాధానం చెప్పేదాన్ని.

అసలు సంగతేమిటంటే ఫ్యాట్ మిషన్ కేబులు వదులైపోయి అప్పుడప్పుడు అంకె బదులు ఖాళీ వచ్చేది. ఆ ఖాళీని అంకెగా మార్చబోతే ప్రోగ్రామ్ ఎదురుతిరిగేది. ఎదురుతిరగడం దాని ధర్మం. నేను బస్సెక్కి వెళ్లి ఆ కేబులు చూసుకోవాల్సింది. చూడలేదు. ప్రొసీజర్ పైన ఒక్క లైన్ రాశాను: ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్. తప్పొచ్చినా పట్టించుకోకుండా తర్వాతి లైనుకి పొమ్మని దాని అర్థం. ఫ్లాపీలో పంపించాను. ఫోన్లు ఆగిపోయాయి. ఇక నా ప్రోగ్రామ్ ఏం జరిగినా ఆగదని అందరికీ చెప్పుకున్నాను.

మూడు బిల్లులు గడిచాక ఒక పెద్దామె కేంద్రంలో గొడవ పెట్టుకుందని కబురొచ్చింది. ఆమెకి ఒకటే గేదె. ముదురుపాడి, పాలు చిక్కగా ఉండేవి, ఎప్పుడూ ఎనిమిదికి తగ్గని ఫ్యాట్. బిల్లులో కొన్ని పూటలు ఆరే ఉంది. ఫ్యాట్ మీద కట్టే రేటులో ఎనిమిది ఆరైతే ఆ పూట డబ్బులో నాలుగోవంతు పోయినట్టే. ఆమెకి చదువు రాదు. స్లిప్పులన్నీ మాత్రం రూపాయి నోట్లలాగా రబ్బరుబ్యాండు వేసి దాచుకుంది. అవి నా చేతిలో పెట్టి "నా గేదె మారలేదు, నేను మారలేదు. ఏం మారిందో నువ్వే చెప్పమ్మా" అంది.

ఆ స్లిప్పుల్ని కేంద్రం రికార్డు పక్కన పెట్టి చూస్తే నా ఒళ్లు చల్లబడింది. ఆమెకి ఆరు పడ్డ ప్రతి పూటా ఆమె ముందు మనిషికీ అదే అంకె. ఫ్యాట్ అదే, ఎస్‌ఎన్‌ఎఫ్ కూడా చివరి దశాంశం దాకా అదే. కేబుల్లోంచి ఖాళీ వచ్చినప్పుడు ఫ్యాట్ అనే వేరియబుల్లో, అంటే అంకెని దాచుకునే చోట్లో, కొత్త అంకె పడలేదు. మరి అందులో ఏముంటుంది? ముందు మనిషిది ఉంటుంది. ప్రోగ్రామ్ దాన్నే నిజమనుకుని రేటు కట్టి, స్లిప్పు కొట్టి, బిల్లు వేసింది. మూడు బిల్లుల్లో అలాంటివి నలభై మూడు దొరికాయి. కొందరికి ఎక్కువ పడింది, వాళ్లెవరూ అడగలేదు. తక్కువ పడ్డవాళ్లు సెక్రటరీని దొంగన్నారు. ఆయన ఇరవై ఏళ్లుగా చేతిలెక్కల్లో పైసా తేడా రానివ్వని మనిషి. నా ముందే కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

దిద్దుదామంటే దిద్దలేకపోవడం ఇంకా పెద్ద బాధ. ఏవి తప్పో తెలుసు, కానీ అసలు అంకె ఎంతో ఎక్కడా లేదు. ఆ పాలు ఎప్పుడో ట్యాంకరెక్కి వెళ్లిపోయాయి. తప్పొచ్చిన క్షణాన్ని నేను ఎక్కడా రాయించలేదు కూడా. చివరికి ఒక్కొక్కరి ముందు పూట, తర్వాతి పూట ఫ్యాట్ కలిపి సగటు కట్టి తేడా ఇచ్చాం. ఇంటింటికీ వెళ్లి, తప్పు సెక్రటరీది కాదు, నేను రాసిన లైనుది అని చెప్పాను. కొందరు నమ్మారు. ఆయన మాత్రం ఆ ఉగాదికి పని మానేశాడు.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు నీ ల్యాప్‌టాప్‌లో కోడ్ చూపించావు, గుర్తుందా? నువ్వు మురిపెంగా చూపిస్తుంటే నేనేమీ అనలేదు. ఇప్పుడంటున్నాను. ఉత్త ఎక్సెప్ట్, దాని కింద పాస్, అంటే ఏ తప్పొచ్చినా పట్టుకుని ఏమీ చేయకుండా వదిలెయ్యమని, మూడు చోట్ల ఉంది. అది పైథాను కావచ్చు, గుణం మాత్రం నా పాత లైనుదే. లూపులో, వచ్చినదాన్ని అంకెగా మార్చే ఫ్లోట్ విఫలమైతే ఫ్యాట్‌లో ముందు రైతు అంకె అలాగే ఉండిపోతుంది. పైగా ఉత్త ఎక్సెప్ట్, నువ్వు ఆపుదామని కంట్రోల్ సీ నొక్కినా దాన్నీ మింగేస్తుంది. ఇంత చదువుకున్నవాడివి, ఇదేం పని నాన్నా? ఇవాళే తీసెయ్. అంకె కాకపోతే వాల్యూఎర్రర్, కేబులు ఊడితే సీరియల్ ఎక్సెప్షన్, వాటినే పేరు పెట్టి పట్టుకో. ఎరగని తప్పుని పట్టుకోకు, పైకి పోనీ. ప్రతి మనిషికీ చదవబోయే ముందు ఫ్యాట్‌ని నన్ (None, అంటే ఏమీ లేదు) చేసి మొదలుపెట్టు.

నన్ బదులు సున్నా పెడదామని నీకు తోచవచ్చు. వద్దు. సున్నా కూడా ఒక అంకే, ఎవరో ఒకరు దాన్ని నిజమని నమ్ముతారు. 1996 జూన్ 4న ఏరియేన్ 5 రాకెట్‌కి జరిగిందదే. 64 బిట్ల అంకెని 16 బిట్ల చోట్లో ఇరికించబోతే పట్టలేదు. దిశ చెప్పే పరికరం, దాని జంట రెండూ ఒకే ప్రోగ్రామ్‌తో ఒకేలా పడిపోయాయి. పడిపోతూ పంపిన లోపపు సమాచారాన్ని పెద్ద కంప్యూటర్ ప్రయాణపు లెక్కలనుకుని రాకెట్‌ని పక్కకి తిప్పింది. మొదలైన నలభై సెకన్లలోపే అంతా ముక్కలైపోయింది. అది చదివినప్పుడు నాకు ఆ పెద్దామె స్లిప్పులే కళ్లముందు కదిలాయి.

అలాగని ప్రతి చిన్నదానికీ ప్రోగ్రామ్ ఆగిపోవాలని కాదు. ఏది పోయినా పరవాలేదో, ఏది పోకూడదో ముందే కూర్చుని తేల్చుకో. 1969 జులైలో అపోలో 11 చంద్రుడి మీద దిగుతుంటే 1202 అని అలారం వచ్చింది కదా. పని ఎక్కువైన ఆ కంప్యూటర్ తనని తాను మళ్లీ మొదలుపెట్టుకుని, చిన్న పనులు వదిలేసి, దిగడానికి కావలసిన లెక్కలు మాత్రం విడవలేదు. పైగా సంగతి అలారం కొట్టి చెప్పింది. నీ కేంద్రంలో ప్రింటర్ చెడితే పోనీ, స్లిప్పు తర్వాత ఇవ్వచ్చు. ఇంటర్నెట్ లేకపోతే పోనీ, అక్కడే దాచి తర్వాత పంపు. ఒకే స్లిప్పు రెండుసార్లు ఎక్కకుండా ప్రతిదానికీ ఒక నంబరుండాలి. ఇంటర్నెట్‌లో పంపే రిక్వెస్ట్స్ లైబ్రరీకి టైమౌట్, అంటే ఎంతసేపు ఎదురుచూడాలో, నువ్వే ఇవ్వాలి, దానంతటది పెట్టుకోదు. ఫ్యాట్ అంకె రాకపోతే మాత్రం ఆ మనిషి దగ్గరే ఆగు.

ఆగినప్పుడు సెక్రటరీకి కనిపించే మాట ఆయనకి అర్థమయ్యే తెలుగులో ఉండాలి. "ఫ్యాట్ మిషన్ నుంచి అంకె రాలేదు. కేబులు నొక్కి మళ్లీ చూడండి. అప్పటికీ రాకపోతే మిషన్ మీద చూసి చేత్తో ఎక్కించండి." చేత్తో ఎక్కించినదని స్లిప్పు మీద గుర్తు పడాలి, అప్పుడు రేపు ఆయన్నెవరూ దొంగనరు. నీకు కావలసిన ట్రేస్‌బ్యాకు (తప్పు ఏ లైన్లో వచ్చిందో చూపేది), తేదీ, వేళ, కేబుల్లోంచి వచ్చింది వచ్చినట్టుగా, ఇవన్నీ లాగ్‌లోకి పోవాలి. ఆయన ముందు ఆ ఇంగ్లీషు పరవకు. వరసలో పాతికమంది చూస్తుంటే ఆయన చేతులు వణుకుతాయి.

కరెంటు సంగతి నీకు తెలిసిందే. రాసేది ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే పడితే అంతా పడేలా లేకపోతే ఏదీ పడకుండా, రాయి, కమిట్ అయ్యి రికార్డు పక్కాగా పడ్డాకే స్లిప్పు కొట్టు. బ్యాకప్ రోజూ.

మొదలుపెట్టే రోజు ఏదో ముందుగా చెప్పు, బస్సుకి వచ్చేస్తాను. నాకు మెట్లెక్కడం కష్టంగా ఉంది కానీ పాల కేంద్రానికి మెట్లెక్కడుంటాయిలే. సాయంత్రం వరస మంచి ఊపులో ఉన్నప్పుడు నీకు చెప్పకుండా ఫ్యాట్ మిషన్ కేబులు నేనే పీకుతాను. తెర మీద ఏమొస్తుందో సెక్రటరీ పక్కన నిలబడి చదువుతాను. ఆయన చదివి, నీ వైపు చూడకుండా, తనంతట తాను తర్వాతి పని చేసుకోగలిగితే, ఆ రాత్రి మీ ఇంట్లో భోంచేసి హాయిగా పడుకుంటాను. వేళకి తిను. మీ అమ్మని కంగారు పెట్టకు.

నీ పెద్దమ్మ