తూము దగ్గర ఆగు

బాబూ,

ప్రభువు పేరట వందనాలు. నువ్వు పంపిన మూడు వ్యాసాలూ చదివాను. ఫోన్లో చదివితే కళ్లు లాగుతున్నాయని మనవరాలి చేత ప్రింటు తీయించుకున్నాను. పక్కన గీసిన ఎర్రగీతలు చూసి టెన్షన్ పడకు. నలభై ఏళ్లు తెలుగు టీచరుగా చేసిన చేతికి అదొక జబ్బు.

మొదటి వ్యాసం గురించి ఎక్కువ చెప్పను. 1842 జులై 31న లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరడం, 1869లో రాజమండ్రి మిషన్ వేరే వాళ్ల చేతికి పోబోతోందని 76 ఏళ్ల వయసులో మళ్లీ ఓడెక్కి రావడం, 1927లో మన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి అనే ఏఈఎల్‌సీ ఏర్పడటం అన్నీ సరిగ్గానే రాశావు. కాకపోతే అవన్నీ ఏ జూబిలీ సంచిక తిరగేసినా దొరుకుతాయి. నువ్వు రాయకపోయినా ఎవరో ఒకరు రాస్తారు.

రెండోది మన లూథరన్ సంఘాలకి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ మాటతో మొదలుపెట్టావు. "రేపే లోకం అంతమవుతుందని తెలిసినా ఈ రోజు ఆపిల్ మొక్క నాటుతాను" అని. ఆయన రాతల్లో ఆ మాట ఎక్కడా దొరకలేదు. అది కాగితం మీద మొదటిసారి కనబడింది 1944లో. ఆయన పోయింది 1546లో. నేనూ ఒకప్పుడు కన్ఫర్మేషన్ క్లాసులో పిల్లలకి ఈ మాటే చెప్పాను, కాబట్టి నిన్ను తిట్టే హక్కు నాకు లేదు. ఫార్వర్డ్ అయి వచ్చిన మాటని మాత్రం లూథర్ నోట్లో పెట్టకు. అయినా మన డెల్టాలో ఆపిల్ మొక్క ఎక్కడిది? కొబ్బరి మొక్క అన్నా నమ్మేదాన్నేమో.

ఇక మూడోది. ఈ ఉత్తరం అసలు దాని కోసమే.

మీ రొయ్యల చెరువుకి వైట్ స్పాట్ జబ్బు వచ్చిన రాత్రి గురించి రాశావు. నలభై రోజుల రొయ్య పిల్ల. తెల్లవారుజామున, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగితే మేత మేతగానే ఉండటం, టార్చి వేస్తే గట్టు వారకి చేరిన రొయ్యలు, ఏరేటర్ల చప్పుడులో నాన్నగారు ఏమంటున్నారో నీకు వినబడకపోవడం. చదువుతుంటే నా ముక్కుకి ఆ నీళ్ల వాసన తగిలింది. సరిగ్గా అక్కడ గట్టు దిగేశావు. ఒక్క గెంతులో బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి పోయి, "దేవుడు రెట్టింపు ఇస్తాడు" అని ముగించేశావు. ఇచ్చాడా మరి? లీజు డబ్బు ఇంకా బాకీ ఉందనీ, అమ్మ గాజులు బ్యాంకులో ఉన్నాయనీ నాకు రాసిన ఉత్తరంలో నువ్వే అన్నావు. వ్యాసంలోనేమో రెట్టింపు, ఉత్తరంలోనేమో బాకీ. ఉత్తరం రాసినవాడే నాకు నచ్చాడు.

1518లో హైడెల్‌బర్గ్‌లో జరిగిన వాదంలో లూథర్ ఒక మాట పెట్టాడు. దేవుణ్ణి గెలుపులోనే వెతికే మహిమ వేదాంతి చెడ్డని మంచి అంటాడు, మంచిని చెడ్డ అంటాడు. సిలువ బాధలో దేవుణ్ణి చూసే సిలువ వేదాంతి దేన్నైనా అది ఏమిటో అదే అంటాడు. వేదాంతం సంగతి పాస్టరయ్యగారు చూసుకుంటారు గానీ, రాసేవాళ్లకి ఇంతకంటే పనికొచ్చే పాఠం నాకు తెలీదు. వైట్ స్పాట్‌ని వైట్ స్పాట్ అను. అప్పుని అప్పు అను. దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల కూటాల్లో మైకు ముందుకి వచ్చేవాళ్లంతా రొయ్యల దిగుబడి బాగా వచ్చినవాళ్లే. చెరువు పోయినవాడు వెనక బెంచీలో కూర్చుంటాడు. నీ దగ్గర ఉన్నది ఆ వెనక బెంచీ కథ.

ఆ వ్యాసం ప్రాణమంతా ఒక్క వాక్యంలో ఉంది. నువ్వు దాన్ని చూసుకోకుండా రాసి దాటిపోయావు: "నాన్న మాత్రం తూము తియ్యకుండా బ్లీచింగ్ వేసి నీళ్లు అలాగే కట్టి ఉంచారు."

నాకు తెలుసు గనుక నేను ఆగాను. చెరువులు తెలియని పాఠకుడు ఆగడు. వాడికి నువ్వు చెప్పాలి. జబ్బు చెరువు నీళ్లు డ్రెయిన్లోకి వదిలితే, ఆ డ్రెయిన్లోంచే ఇంజను పెట్టి నీళ్లు తోడుకునే కింది చెరువుకీ జబ్బు పోతుందని చెప్పాలి. రాత్రికి రాత్రి తూము తీసేస్తే అడిగేవాడు ఉండడని చెప్పాలి. పంట పోయి చేతిలో పైసా లేని మనిషి జబ్బు చావడానికి ఇంకా బ్లీచింగ్ కొని ఆ చచ్చిన నీళ్లలో పోసి, రోజుల తరబడి కాపలా కాయడమంటే ఏమిటో చెప్పాలి. విశ్వాసాన్ని ప్రశ్న జవాబులుగా నేర్పే 1529 నాటి చిన్న కాటెకిజంలో "దొంగిలకూడదు" అనే ఆజ్ఞకి లూథర్ ఇచ్చిన అర్థం మనందరం చిన్నప్పుడు గడగడా అప్పజెప్పినదే. పొరుగువాడి సొమ్ము తీసుకోకపోవడంతో సరిపోదు, వాడి ఆస్తీ బతుకుతెరువూ కాపాడటానికి సాయపడాలి అంటాడు. మీ నాన్నగారు ఆ రాత్రి చేసింది అదే. ఆయనకి ఆ ఆజ్ఞ గుర్తొచ్చిందో లేదో నాకు తెలీదు. గుర్తొచ్చిందని నువ్వు కల్పించి రాయకు. రాకపోయినా పనికి లోటు లేదు.

మనవాళ్లు దేవుని పిలుపు అంటే పాస్టరు గారికి వచ్చేదే అనుకుంటారు. ఆ గోడ కూల్చిందే లూథర్ కదా! 1522లో పెళ్లి గురించి రాస్తూ, తండ్రి బిడ్డ గుడ్డలు ఉతుకుతుంటే లోకం నవ్వుతుంది గానీ, విశ్వాసంతో చేస్తే దేవుడు తన దూతలందరితో కలిసి ఆయన్ని చూసి సంతోషిస్తాడు అన్నాడు. (మా ఆయనకి ఇది చదివి వినిపించాను. పేపరు అడ్డం పెట్టుకున్నారు.) కాబట్టి చెరువు నుంచి గుడికి పరిగెత్తాల్సిన పని నీ వ్యాసానికి లేదు. చివర్లో బైబిల్ వాక్యం అంటించకపోతే క్రైస్తవ రచన కాదేమోనన్న భయం మానెయ్.

ఇంకో సంగతి. ఇది నాకు తగిలిన దెబ్బ గనుక కాస్త ఎక్కువే చెప్తాను. "తీసెయ్యండి, ఎవడు చూస్తాడు" అన్న పక్క చెరువాయనని నువ్వు నాలుగు వాక్యాల్లో దుర్మార్గుణ్ణి చేసేశావు. నాకు ముప్పై ఏళ్లు కూడా లేనప్పుడు మా సంఘంలో ఒక పెద్దాయన గురించి చిన్న కథ రాశాను. ఆయన నెలల తరబడి ప్రభు భోజనపు రొట్టె తీసుకోవడానికి ముందుకి రాలేదు, మందిరంలో ఉంటూనే లేచేవాడు కాదు. తాగుడని నేను ఊహించాను, కథలో అదే పెట్టాను. పేరు మార్చాను గానీ ఆయన కుంటి నడకా, సైకిలూ అలాగే ఉంచాను. ఊరంతా పోల్చుకుంది. అసలు సంగతేమిటంటే తమ్ముడితో గట్టు తగాదా తేలలేదట. తేలకుండా ఆ రొట్టె ముట్టుకోకూడదని ఆగాడట. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఎదురుపడితే "బాగున్నావా అమ్మా" అనేవాడు. అదింకా కష్టంగా ఉండేది. "నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు" అనే దానికి కాటెకిజం అర్థం ఏమిటి? పొరుగువాడి తరఫున మాట్లాడి, వాడి పనులకి వీలైనంత మంచి అర్థం చెప్పాలని. అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నదాన్నే. పక్క చెరువాయనకి ఎంత అప్పుందో, ఆయన చెరువు అంతకుముందు ఎన్నిసార్లు పోయిందో కనుక్కో. కనుక్కున్నాక కూడా తప్పు తప్పులాగే ఉంటే అలాగే రాయి.

భాష గురించి కొంచెం. "బహుగా ఆశీర్వదించబడియున్నాము" లాంటివి పదకొండు చోట్ల గీత కొట్టాను. లూథర్ కొత్త నిబంధనని జర్మన్‌లోకి తెచ్చినప్పుడు తప్పులు పట్టినవాళ్లకి 1530లో జవాబు రాస్తూ, ఇంట్లో తల్లినీ వీధిలో పిల్లల్నీ సంతలో మామూలు మనిషినీ అడగాలి, వాళ్లు మాట్లాడేటప్పుడు నోటి వంక చూడాలి అన్నాడు. మీ నాయనమ్మ లేసు అల్లుతూ ఏజెంటు ఇచ్చిన కూలి లెక్కపెట్టుకుని "ఏదో, ఆయన దయ" అంటుందని రాశావే, నీ మూడు వ్యాసాల్లో కృప గురించిన మంచి వాక్యం అదొక్కటే. ఒక పని చెయ్. పరలోక ప్రార్థనలో "అనుదినాహారము" అంటే ఏమిటని లూథర్ పెద్ద జాబితా ఇచ్చాడు. తిండి, బట్టలు, చెప్పులు, పొలం, పశువులు, డబ్బు, మంచి వాతావరణం, నమ్మకమైన ఇరుగుపొరుగు. మీ ఊరికి ఆ జాబితా నువ్వు రాయి. అందులో రాత్రిపూట పోని కరెంటు ఉంటుంది, దాళ్వా పంటకి కాలవ నీళ్లు ఉంటాయి, ఇంకేం ఉంటాయో నాకంటే నీకే తెలుసు.

నువ్వు అడగకపోయినా చెప్తున్నాను. గుడి రిజిస్టర్లో ఒక పేరు, కుల సర్టిఫికెట్లో ఇంకో పేరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ కాడు. ఆ ఉత్తర్వులో 1956లో సిక్కుల్నీ 1990లో బౌద్ధుల్నీ చేర్చారు, మనల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో వెనకబడిన కులాల్లో వేసి బీసీ-సీ అంటారు. మన పేటల్లో పిల్లవాడికి పేరు పెట్టే దగ్గర్నుంచి ఉద్యోగం దాకా ఇది తగలని ఇల్లు ఉందా? మూడు వ్యాసాల్లో దీని ఊసే లేదు. భయమైతే అర్థం చేసుకోగలను. రాసే రోజున మాత్రం మీ ఇంటితో మొదలుపెట్టు, పక్కింటి రహస్యంతో కాదు. లూథర్ని కూడా దేవుణ్ణి చెయ్యకు. 1525లో తిరగబడిన రైతుల మీద ఆయన రాసినదీ, 1543లో యూదుల మీద రాసినదీ చదివితే కడుపులో తిప్పుతుంది. అదీ ఉన్నట్టే చెప్పాలి.

ముందు మూడో వ్యాసం మళ్లీ రాయి. రాసేముందు నాన్నగారి పక్కన కూర్చుని అడుగు. ఆ రాత్రి తూము దాకా వెళ్లి వెనక్కి వచ్చారా, అసలు వెళ్లలేదా? బ్లీచింగ్ అరువు తెచ్చారా? కింది చెరువు వాళ్లకి ఈ సంగతి ఇప్పటికైనా తెలుసా? ఆయన మాట్లాడకపోతే ఏమీ మాట్లాడలేదనే రాయి.

కోత పండక్కి మీ ఊరు వస్తున్నాను. వేలంపాటలో ఈసారి గుమ్మడికాయ నాకు అంటగట్టొద్దని పాస్టరమ్మగారితో ముందే చెప్పు. పోయినేడు దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చాను.

మీ టీచరమ్మ