మీ అమ్మమ్మగారి కథ రాయబోతున్న నీకు

చిరంజీవి అమ్మలుకు, మేనత్త దీవించి రాస్తున్న ఉత్తరం.

మీ అమ్మమ్మగారి జీవితం రాద్దామనుకుంటున్నావని తెలిసి సంతోషించాను. ఫోనులో రికార్డింగ్ పెట్టి ఎదురుగా కూర్చుంటే "నా బతుకులో రాయడానికేముందే" అని లేచి వెళ్లిపోయారట. వెళ్లరా మరి! "నీ జీవితం గురించి చెప్పు" అంటే నాకైనా నోరు పెగలదు. జీవితం సంగతి వదిలేసి పని సంగతి అడుగు. కాపురానికి వచ్చిన కొత్తలో నీళ్లు నూతిలోంచి తోడేవారా, చెరువు నుంచి మోసేవారా? పొయ్యిలోకి కట్టెలా, పిడకలా, ఊకా? తెల్లవారుజామున ముందు లేచేదెవరు, ఆఖరున తినేదెవరు? గ్యాసు పొయ్యి వచ్చిన రోజు అత్తగారు ఏమన్నారు? ఇలా అడిగి చూడు, ఒక్కో జవాబు వెనక ఒక్కో మనిషి బయటికొస్తాడు.

ఎదురుగా కూర్చుని అడగడం కంటే ఆవిడ పూలు కడుతున్నప్పుడో చింతపండులో గింజలు తీస్తున్నప్పుడో పక్కన చేరి, నువ్వూ ఓ చెయ్యి వెయ్యి. చేతులకు పని ఉంటే మాటకు బెరుకు ఉండదు. కొడుకులు, కోడళ్లు ఇంట్లో లేని వేళ చూసుకో. వీలైతే ఆవిడ చెల్లెల్ని ఒకసారి పిలిపించు. ఇద్దరూ ఒకే పెళ్లి గురించి రెండు రకాలుగా చెప్పి పోట్లాడుకుంటారు. ఎవరిది నిజమో నువ్వు తేల్చకు, రెండూ రాసుకో.

"ఎంతమంది పిల్లలు" అని మాత్రం అడగకు. బతికి ఉన్నవాళ్ల లెక్కే చెబుతారు. "ఎన్ని కాన్పులు" అని అడుగు. ఆ తరంలో చాలామందికి ఈ రెండు లెక్కలూ కలవవు. చెబుతూ చెబుతూ ఆగిపోతే ఆ పూటకు వదిలెయ్యి, కెలకకు.

తేదీల గురించి టెన్షన్ పడకు. ఆవిడకు ఇంగ్లీషు సంవత్సరం గుర్తుండదు, తెలుగు సంవత్సరం మాత్రం మర్చిపోరు. "తారణ నామ సంవత్సరం, ఆషాఢం" అన్నారనుకో, అది 1944. అదే తారణలో మాఘం అంటే 1945 లోకి వెళ్లిపోతుంది, ఎందుకంటే ఉగాదితో మొదలైన ఏడాది మళ్లీ ఉగాది దాకా నడుస్తుంది. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి 2004-05 కూడా తారణే. ఆ రెండింట్లో ఏదో నీకు నేను చెప్పక్కర్లేదు. మన గోదావరి వాళ్లకు పుష్కరాలు ఇంకో గుర్తు. 1991, 2003, 2015 నుంచి ఇంచుమించు పన్నెండేసి ఏళ్లు వెనక్కి లెక్కపెట్టుకో. ఇంకా 1953 వరద, 1957లో అణాలు పోయి నయాపైసలు రావడం, 1983లో రెండు రూపాయల బియ్యం, 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుఫాను. "అది వరదకు ముందా, తర్వాతా" అంటే వెంటనే చెబుతారు. బడి రిజిస్టరులో పుట్టిన తేదీ జూలై 1 అని కనబడితే మాత్రం నమ్మకు. చేర్చుకునేటప్పుడు మాష్టారు వేసేసిన తేదీ అయ్యుంటుంది.

ఇక కాగితాలు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉద్యోగం చేసినదాన్ని కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను, ఓపిగ్గా చదువు. మీ తాతగారి పేరు పాత రేషన్ కార్డు మీద, పన్ను రసీదు మీద, పాస్‌బుక్కు మీద, అన్నిటా ఉంటుంది. ఆవిడ పేరు కోసం దస్తావేజుల్లో వెతకాలి. పెళ్లిలో పసుపు కుంకుమల కింద పుట్టింటివాళ్లు ఏమైనా భూమి రాసిచ్చారా? అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఆవిడ చేత హక్కు విడుదల పత్రం మీద, అంటే ఆస్తిలో తన వాటా వదులుకున్నట్టు రాసే కాగితం మీద, సంతకం పెట్టించారా? అలాంటి కాగితంలో ఆవిడ వయసు, భర్త పేరు, ఉన్న ఊరు ఉంటాయి. కింద చూడు, సంతకమా, వేలిముద్రా అని. ఒక పత్రంలో వేలిముద్ర ఉండి, కొన్నేళ్ల తర్వాతి దాంట్లో వంకర అక్షరాలతో సంతకం ఉంటే, మధ్యలో ఎవరు నేర్పారో అడుగు. అదొక అధ్యాయం.

భూమి మాట ఎత్తినప్పుడు చట్టం కూడా కాస్త తెలుసుకో. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అప్పటికే పెళ్లయిపోయిన ఆడపిల్లలకు అది వర్తించలేదు. దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది 2005లో. అంటే ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కకు లేనిది చెల్లెలికి దక్కిన ఇళ్లున్నాయి. మీ అమ్మావాళ్లు నలుగురు అక్కచెల్లెళ్లు కదా, ఎవరి పెళ్లి ఎప్పుడైందో చూసుకో, కొన్ని మౌనాలకు కారణం అక్కడే దొరకొచ్చు.

కాగితాలు లేకపోతే అటక మీద ఇత్తడి సామాను దింపించు. బిందెల మీద, పళ్లేల మీద ఇచ్చినవాళ్ల పేరు, ఒక్కోసారి తేదీ కూడా చెక్కించి ఉంటాయి. పాత ఫోటోల వెనక స్టూడియో ముద్ర చూడు. శుభలేఖలు, కార్డులు, ఇన్‌లాండ్ కవర్లు దొరికితే పోస్టాఫీసు ముద్రలోని తేదీ చూసి రాసుకో.

వృత్తి అన్నచోట ప్రతి కాగితంలోనూ "గృహిణి" అనే ఉంటుంది. దాన్ని అలాగే దించెయ్యకు. గేదె పాలు అమ్మారా, కుట్టు మిషను తొక్కారా, అప్పడాలు ఒత్తి ఇచ్చారా, చీటీలు కట్టారా, పొరుగువాళ్లకు వడ్డీకి ఇచ్చారా? ఆ డబ్బు ఎక్కడ దాచేవారు, దేనికి ఖర్చయింది? నాకు తెలిసిన ఇళ్లలో పిల్లల ఫీజులు చాలామటుకు పోపుల డబ్బాలోంచే వెళ్లాయి, పేరు మాత్రం నాన్నకు వచ్చింది. ఈ భాగం నిండుగా రాయి. మిగతాది పలచగా ఉన్నా ఫరవాలేదు.

వంశవృక్షాలంటే నాకు పెద్ద గౌరవం లేదు. ఏడు తరాల మగవాళ్ల పేర్లుంటాయి, వాళ్లను కన్నవాళ్లెవరో ఉండదు. నువ్వు తిరగేసి గియ్యి. ఆవిడ, ఆవిడ తల్లి, ఆ తల్లికి తల్లి. ప్రతి ఒక్కరికీ పుట్టింటి ఇంటిపేరు, ఊరు రాసుకో, ఎందుకంటే పెళ్లితో ఇంటిపేరు మారిపోయి జాడ తప్పేది అక్కడే. కొన్ని ఇళ్లలో అత్తవారు అసలు పేరు కూడా మార్చేసేవారు. చిన్నప్పుడు ఏమని పిలిచేవారో తప్పకుండా అడుగు. మూడో తరం దాటితే ఎవరికీ గుర్తుండదు, అక్కడితో ఆపెయ్యి.

ఆవిడ మాటను పుస్తకాల తెలుగులోకి దిద్దకు. యాస, సామెత, తిట్టు, అన్నీ ఉండనీ. బతికున్నవాళ్ల తగాదాలు రాయాల్సి వస్తే పేర్లు తీసెయ్యి. రాసింది ముందు ఆవిడకే చదివి వినిపించు. కొట్టెయ్యమన్నది కొట్టెయ్యి, ఎంత బాగా వచ్చిందనిపించినా సరే. రికార్డింగులు ఫోనులో ఒక్కచోటే ఉంచకుండా తేదీ పేరుగా పెట్టి మీ అన్నయ్యకు కూడా పంపించు.

పాత దస్తావేజులు దొరికితే మడతలు గట్టిగా విప్పకు, చిరిగిపోతాయి. ఫోటోలు తీసి నాకు వాట్సాప్ చెయ్యి. అక్షరాలు కలిపి రాసే ఆ పాత గొలుసుకట్టు రాత నీకు కొరుకుడు పడదు, నేను చదివి మామూలు అక్షరాల్లో రాసి పంపుతాను. దస్తావేజు నంబరు, సంవత్సరం ఉన్న పేజీ మాత్రం వదలకు, అవి ఉంటే నకలు తీయించుకోవచ్చు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య